ఫోన్ మౌంట్ టెస్ట్ చేద్దామని వెళ్లి డ్రైవింగ్ నేర్చుకున్నా: రెండు సెకన్ల లెక్క

కారు ఫోన్ మౌంట్ల మీద ఒక పోలిక రాద్దామని ఈసారి నాలుగు మౌంట్లు తెప్పించాను. అద్దానికి అతికే సక్షన్ కప్పుది ఒకటి, ఏసీ వెంట్‌కి తగిలించేవి రెండు, మాగ్నెట్‌ది ఒకటి. మామూలుగా అయితే బిల్డ్ క్వాలిటీ ఎలా ఉంది, ఒంటి చేత్తో ఫోన్ తీయగలమా, గతుకుల్లో ఊగుతోందా అని చూసి, మార్కులేసి ముగించేవాడిని. కానీ మూడో మౌంట్ టెస్ట్‌లో ఉండగా జరిగిన సంగతితో ఈ ఆర్టికల్ వేరే దారి పట్టింది. మౌంట్ల సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ సంగతి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. నేను డ్రైవింగ్, పక్క సీట్లో మా బాబాయ్. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. చిట్యాల దాటాం, చీకటి పడుతోంది, స్పీడ్ 80. ఒక వంతెన జాయింట్ మీద కారు గట్టిగా కుదిపింది. వెంట్ క్లిప్ ఊడి, ఫోన్ మౌంట్‌తో సహా నా కాళ్ల దగ్గర పడింది. మ్యాప్స్‌లో అమ్మాయి గొంతు మాత్రం కింద నుంచి వినిపిస్తూనే ఉంది.

అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, కిందకి చూశాను. ఎడమ చేత్తో వెతికాను కూడా. ఎంతసేపు? నాకైతే ఒక్క క్షణం అనిపించింది. "ఒరేయ్, రోడ్డు చూడరా!" అని బాబాయ్ అరిచేసరికి తలెత్తాను. ఎదురుగా గడ్డి లోడుతో ట్రాక్టర్. ట్రాలీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. బ్రేక్ మీద నిలబడ్డాను. పెడల్ కింద నుంచి టకటకటక అని కాలికి కొట్టింది. ఏదో విరిగిందేమోనని భయపడి కాలు తీయబోయాను. "తియ్యకు, తొక్కు, కుడికి తిప్పు" అన్నారు. కుడి లేన్ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.

ఫోన్ తర్వాత దొరికింది, బ్రేక్ పెడల్‌కి జానెడు దూరంలో. ఇంకొంచెం జారి పెడల్ కింద ఇరుక్కుని ఉంటే ఆ పెడల్ పూర్తిగా కిందకి దిగేది కాదు. మిగతా ప్రయాణమంతా నేను దాని గురించే ఆలోచించాను. నేను బీటెక్ చదివాను, రోజూ కోడ్ రాస్తాను, సెన్సార్ల గురించి వ్యాసాలు రాస్తాను. కానీ 80 స్పీడులో వెళ్లే కారు ఆగడానికి ఎంత దూరం కావాలో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు.

లెక్క వేద్దాం, ఇంటర్ ఫిజిక్సే

గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. నేను కిందకి చూసింది రెండు సెకన్లే అనుకుందాం. అంటే 44 మీటర్ల దూరం కారు తనంతట తను వెళ్లింది, డ్రైవర్ లేకుండా. కళ్లు మూసుకుని 44 మీటర్లు నడపమంటే ఎవరూ ఒప్పుకోరు. ఫోన్ చూస్తూ అయితే రోజూ నడుపుతున్నాం.

ఇక ఆగే దూరం. దీనిలో రెండు భాగాలున్నాయి. ప్రమాదాన్ని చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేక్ మీదకి వెళ్లేదాకా పట్టే టైమ్ ఒకటి. రోడ్డు మీద మామూలు మనిషికి అది సుమారు ఒకటిన్నర సెకను. ఆ టైమ్‌లో కారు స్పీడ్ అసలు తగ్గదు. బ్రేక్ పడ్డాక కారు పూర్తిగా ఆగేదాకా వెళ్లే దూరం రెండోది. ఇది స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పొడి తారు రోడ్డు, మంచి టైర్లు, ఘర్షణ గుణకం 0.7 అనుకుని నేను వేసిన లెక్క ఇది:

40 స్పీడ్: 17 + 9 = 26 మీటర్లు
60 స్పీడ్: 25 + 20 = 45 మీటర్లు
80 స్పీడ్: 33 + 36 = 69 మీటర్లు
100 స్పీడ్: 42 + 56 = 98 మీటర్లు
120 స్పీడ్: 50 + 81 = 131 మీటర్లు

40, 80 వరసల్లో రెండో అంకెలు చూడండి. స్పీడ్ రెట్టింపైతే బ్రేకింగ్ దూరం 9 నుంచి 36కి, అంటే నాలుగు రెట్లు పెరిగింది. వానకి తడిసిన రోడ్డు మీద గుణకం 0.4కి పడిపోయిందనుకుంటే, 80 స్పీడులో ఆగడానికి 69 కాదు, 96 మీటర్లు కావాలి. అరిగిన టైర్లయితే ఇంకా ఎక్కువ.

నన్ను నిజంగా భయపెట్టిన లెక్క మాత్రం వేరే ఉంది. రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయి, ఒకటి 60లో, ఇంకోటి 80లో. 45 మీటర్ల దూరంలో ఒక మనిషి రోడ్డు మీదకి వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి చూశారు, ఒకేసారి బ్రేక్ వేశారు. 60లో ఉన్న కారు ఆ మనిషి ముందు ఆగిపోతుంది. మరి 80లో ఉన్న కారు అదే చోటికి వచ్చేసరికి ఎంత స్పీడులో ఉంటుంది? నేను 20 అనుకున్నాను. లెక్కలో 65 వచ్చింది. తప్పు చేశానని మళ్లీ వేశాను, మళ్లీ 65. ఎందుకంటే ఆ కారు రియాక్షన్ టైమ్‌లోనే 33 మీటర్లు తినేసింది, బ్రేక్‌కి మిగిలింది 12 మీటర్లే. "ఇరవయ్యే కదా ఎక్కువ" అని మనం అనుకునే ఆ తేడాకి ఖరీదు అది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే ఉన్నాయి. చనిపోయినవాళ్లలో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. ఆ అంకెలు నేను ముందే చదివాను. ట్రాక్టర్ చూశాకే అర్థమయ్యాయి.

లైసెన్స్ ఉంది, డ్రైవింగ్ వచ్చా?

నేను లైసెన్స్ తీసుకుంది బీటెక్ థర్డ్ ఇయర్‌లో. 15 రోజుల కోర్సు, రోజుకి అరగంట. కారుకి రెండు వైపులా పెడల్స్. క్లచ్, బ్రేక్ ఎక్కువగా సారే తొక్కేవాడని, నేను స్టీరింగ్ మాత్రమే తిప్పానని చాలా రోజులకి అర్థమైంది. తర్వాత ఎల్ఎల్ఆర్, గుర్తుల మీద ప్రశ్నలు, ట్రాక్ మీద హెచ్, రివర్స్. పాస్. హైవే మీద ఒక్క కిలోమీటర్ నడపలేదు. రాత్రి నడపలేదు. వానలో నడపలేదు. ముందు బండికి ఎంత దూరం ఉంచాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీలో చాలామంది కథ ఇంతకంటే గొప్పగా ఉండదని నా అనుమానం.

రూల్స్ మాత్రం అంత చెత్తగా లేవు. ఎల్ఎల్ఆర్ వచ్చాక కనీసం 30 రోజులు ఆగితేనే టెస్టుకి వెళ్లనిస్తారు, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ 30 రోజులు ఎందుకు పెట్టారు? ఎల్ బోర్డు పెట్టుకుని, లైసెన్స్ ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రాక్టీస్ చేయమని. మనం దాన్ని స్లాట్ కోసం వెయిటింగ్ పీరియడ్‌లా చూస్తాం. 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లకి వేరే రూల్స్ వచ్చాయి. కార్లలాంటి తేలికపాటి వాహనాలకి అక్కడ కోర్సు 29 గంటలు, అది గరిష్ఠంగా నాలుగు వారాల్లో పూర్తి కావాలి. 8 గంటలు థియరీ, 21 గంటలు ప్రాక్టికల్. థియరీలో ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి, ఫస్ట్ ఎయిడ్, రోడ్డు మీద కోపతాపాలు లాంటివి ఉంటాయి. ప్రాక్టికల్‌లో సిటీ రోడ్లు, పల్లె రోడ్లు, హైవే, ఎత్తుపల్లాలు, పార్కింగ్. నా ఏడున్నర గంటలు ఎక్కడ, 29 గంటలు ఎక్కడ!

అలాంటి సెంటర్ మీ దగ్గర్లో లేకపోతే, ఆ సిలబస్‌నే చెక్‌లిస్ట్‌లా పెట్టుకుని మీరే పూర్తి చేయొచ్చు. బాగా నడిపే పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం హైవే, ఒక రాత్రి, ఒక వాన రోజు. ఖర్చు పెట్రోలే.

బాబాయ్ పాఠం: చూసింది పైకి చెప్పు

ఆ రాత్రి టీ తాగడానికి ఆగాం. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. బాబాయ్ తిట్టలేదు. "ఇప్పుడు నువ్వు కూర్చో, నేను నడుపుతా. నేను ఏం చూస్తున్నానో పైకి చెప్తా, విను" అన్నారు. తర్వాత పావుగంట ఆయన మాటలు ఇలా సాగాయి:

"ముందు లారీ, దాని ముందు ఇంకో లారీకి బ్రేక్ లైటు వెలిగింది, నేను యాక్సిలరేటర్ మీద కాలు తీశా. ఎడమ పక్క బండి మీద ఇద్దరు, వెనకాయన ఫోన్ మాట్లాడుతున్నాడు, వీళ్లు ఎటైనా రావచ్చు. డివైడర్ గ్యాప్ దగ్గర ఏదో నల్లగా ఉంది, గేదో మనిషో. అద్దంలో వెనక కారు హై బీమ్, తొందరగా ఉన్నాడు, పోనీ. ఊరి బోర్డు వచ్చింది, ఇక ఆటోలు రాంగ్ సైడ్‌లో వస్తాయి..."

నేను ఆ లారీ దాకే చూశాను. ఆయన లారీ ముందు లారీని చూశారు. తేడా అంతా అక్కడే ఉంది. నేను బానెట్ ముందు 30 మీటర్లు చూస్తూ నడుపుతున్నాను, ఆయన కనిపించినంత దూరం చూస్తూ, ఐదారు సెకన్లకోసారి అద్దాలు చూసుకుంటూ నడుపుతున్నారు. ఇలా చూసింది పైకి చెప్తూ నడపడాన్ని బ్రిటన్‌లో పోలీస్ డ్రైవర్ల శిక్షణలో కూడా వాడతారని తర్వాత తెలిసింది. కామెంటరీ డ్రైవింగ్ అంటారు. బాబాయ్‌కి ఆ పేరు తెలీదు. "కొత్త కండక్టర్‌కి బోర్ కొట్టకుండా చెప్పేవాణ్ణి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో నేను చేసి చూశాను. మొదటి పది నిమిషాలు మహా కష్టం. నోరు ఆగిపోయిందంటే, చూడటం ఆగిపోయిందన్నమాట. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే ఇది లాగ్స్ ఆన్ చేసి ప్రోగ్రాం రన్ చేయడం లాంటిది. బుర్ర ఎక్కడ హ్యాంగ్ అవుతోందో బయటపడిపోతుంది.

ఆయన చెప్పిన మరో మూడు విషయాలు నాకు ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ దొరకలేదు.

లారీ డ్రైవర్ మొహం దాని సైడ్ అద్దంలో నీకు కనిపించకపోతే, నువ్వు అతనికి కనిపించట్లేదు. అందుకే లారీ పక్కన సమంగా వెళ్లకూడదు. దాటితే దాటాలి, లేదా వెనక ఉండాలి. బస్సు ఎడమ పక్క ముందు భాగంలో దూరే బైకుల గురించి చెప్తూ ఆయన తల పట్టుకున్నారు.

రెండోది లారీ కుడి ఇండికేటర్. మన దగ్గర దానికి రెండు అర్థాలు. "నేను కుడికి తిరుగుతున్నా" అనొచ్చు, "నువ్వు దాటి వెళ్లు" అనొచ్చు. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే అంతే. కాబట్టి ఇండికేటర్‌ని నమ్మకుండా ముందు చక్రాన్ని చూడమన్నారు. చక్రం తిరగకుండా బండి తిరగదు.

మూడోది దూరం. ముందు బండి ఒక చెట్టునో కిలోమీటర్ రాయినో దాటగానే "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు" అని నిదానంగా అనుకోవాలి. అనడం పూర్తి కాకముందే మనం ఆ రాయి దాటేస్తే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఇదే రెండు సెకన్ల రూల్. రాత్రయితే మూడు, వానలో నాలుగు. మీటర్లు అంచనా వేయడం కంటే ఇది తేలిక. స్పీడ్ పెరిగితే దూరం దానంతటదే పెరుగుతుంది. "గ్యాప్ ఇస్తే ఎవడో ఒకడు దూరుతాడు కదా బాబాయ్" అన్నాను. "దూరనీ. మళ్లీ గ్యాప్ ఇవ్వు. విజయవాడకి నువ్వు రెండు నిమిషాలు లేటుగా వెళ్తావు, అంతేగా" అన్నారు.

రాత్రి గురించి ఒక మాట. మామూలు కార్ల లో బీమ్‌లో రోడ్డు స్పష్టంగా కనిపించేది సుమారు 50-60 మీటర్లు. 80 స్పీడులో ఆగడానికి 69 మీటర్లు కావాలని పైన చూశాం. లైట్లు లేని ట్రాక్టర్ కనిపించేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఎదురుగా బండ్లు లేనప్పుడు హై బీమ్ వేసుకోవాలి, వచ్చినప్పుడు లో బీమ్‌కి మార్చి, దాంతో పాటు స్పీడ్ కూడా తగ్గించాలి. ఈ రెండో సగం ఎవరూ చేయరు.

ఇక ఫోన్ సంగతి

చట్టం ముందు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద, 184వ సెక్షన్‌లో చేర్చారు. మొదటి తప్పుకి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవర్ ధ్యాస చెదరకుండా. అంటే మౌంట్ మీద మ్యాప్స్ ఓకే, మౌంట్ మీద రీల్స్ కాదు.

"నేను బ్లూటూత్‌లోనే మాట్లాడతాను, చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి" అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ బృందం ఏళ్ల తరబడి సిమ్యులేటర్ ప్రయోగాలు చేసింది. ఫోన్ చేతిలో పట్టుకుని మాట్లాడినా, హ్యాండ్స్ ఫ్రీలో మాట్లాడినా డ్రైవింగ్ దాదాపు ఒకేలా పాడైంది. విచిత్రం ఏంటంటే, డ్రైవర్ కళ్లు నేరుగా ఒక బోర్డు మీద పడ్డట్టు కెమెరాలో రికార్డైనా, తర్వాత అడిగితే అతను దాన్ని చూసినట్టు గుర్తుపట్టలేకపోయాడు. కళ్లు చూశాయి, బుర్ర చూడలేదు. పక్క సీట్లో మనిషితో మాట్లాడితే మాత్రం అంత నష్టం లేదు. ఎందుకంటే ఆ మనిషికీ రోడ్డు కనిపిస్తుంది, లారీ అడ్డం రాగానే మాట ఆపుతాడు. ఫోన్‌లో ఉన్న మేనేజర్‌కి లారీ కనిపించదు.

కాబట్టి నేను ఇప్పుడు కారు స్టార్ట్ చేసేముందు చేసేవి ఇవి. గూగుల్ మ్యాప్స్‌లో రూట్ పెట్టి, ఒకసారి మొత్తం దారి చూసుకుని, వాయిస్ ఆన్ చేస్తాను. తెలుగు వాయిస్ ఉంది. ఉచ్చారణ కొన్ని ఊర్ల పేర్లకి నవ్వు తెప్పిస్తుంది కానీ పనికొస్తుంది. పాటల లిస్ట్ ముందే పెట్టేస్తాను. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఫోకస్‌లోకి వెళ్తే డ్రైవింగ్ అనే మోడ్ ఉంటుంది. కారు బ్లూటూత్‌కి కనెక్ట్ అవ్వగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు, మెసేజ్ చేసినవాళ్లకి ఆటో రిప్లై కూడా పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ డ్రైవింగ్ మోడ్ ఎక్కడుందన్నది కంపెనీని బట్టి మారుతుంది, సెట్టింగ్స్‌లో డ్రైవింగ్ అని సెర్చ్ చేయడమే మేలు. మా ఇంట్లోవాళ్లకి చెప్పేశాను, "ఎత్తకపోతే నడుపుతున్నానని అర్థం, కంగారు పడొద్దు" అని. అమ్మ మొదట రెండుసార్లు కంగారు పడింది, ఇప్పుడు అలవాటైంది.

మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో స్పీడోమీటర్ ఆన్ చేస్తే అది కారు మీటర్ కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. ఏది కరెక్ట్ అని చాలామంది అడుగుతారు. కారు మీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించకూడదు, కొంత ఎక్కువ చూపించొచ్చు అని నిబంధనలున్నాయి, అందుకే కంపెనీలు కావాలనే కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. ఓపెన్ రోడ్డు మీద స్థిరమైన స్పీడులో జీపీఎస్ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు మాత్రం అది ఆలస్యంగా అప్‌డేట్ అవుతుంది. ఫ్లైఓవర్ పైన ఉన్నామా, కింద సర్వీస్ రోడ్డులో ఉన్నామా అన్నది కూడా జీపీఎస్ ఒక్కోసారి పొరబడుతుంది. మలుపు మిస్సైతే మిస్సైంది. ఎగ్జిట్ దాటేశామని ఓఆర్ఆర్ మీద రివర్స్ తీసేవాళ్లని నేను కళ్లారా చూశాను. అక్కడ 120తో వచ్చే కారుకి ఆగడానికి 131 మీటర్లు కావాలి.

బైక్ మీద వెళ్లేవాళ్లకి రెండు మాటలు. నాయిస్ క్యాన్సలింగ్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని హెల్మెట్ వేసుకోవడం మానేయండి. ఆ ఫీచర్ చేసే పనే బయటి శబ్దాన్ని చెరపడం, ఆ శబ్దంలో హారన్ కూడా ఉంది. ఇంకోటి, హ్యాండిల్‌కి ఫోన్ బిగించేటప్పుడు వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ తీసుకోండి. పవర్‌ఫుల్ బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లో తనే హెచ్చరించింది. హెల్మెట్‌కి ఐఎస్ఐ మార్కు ఉందా, పట్టీ బిగించారా అన్నది చూసుకోండి. పట్టీ పెట్టని హెల్మెట్ తల కంటే ముందే ఎగిరిపోతుంది.

ఫీచర్లు ఉన్నాయి కదా?

కాలికి టకటక కొట్టిందని చెప్పాను కదా, అది ఏబీఎస్. చక్రం లాక్ అవ్వబోతుంటే బ్రేక్ ప్రెజర్‌ని సెకనుకి ఎన్నోసార్లు వదిలి పడుతుంది. చక్రం తిరుగుతూ ఉంటేనే స్టీరింగ్ పని చేస్తుంది. కుడి లేన్‌లోకి తిరగగలిగానంటే దాని వల్లే. ఏబీఎస్ ఉంటే బండి చాలా తక్కువ దూరంలో ఆగుతుందనుకోవడం పొరపాటు. దాని అసలు పని బ్రేక్ వేస్తూ కూడా బండిని తిప్పగలిగేలా చూడటం. కంకర రోడ్డు మీద దూరం ఇంకాస్త పెరగొచ్చు కూడా. పెడల్ కొట్టుకోవడం మామూలే, కాలు తీయకూడదు. ఈ చిన్న సంగతి తెలియక నేను కాలు తీయబోయాను. ఖాళీ గ్రౌండ్‌లో, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, 40 స్పీడులో ఒకసారి ఫుల్ బ్రేక్ తొక్కి ఆ ఫీల్ ఎలా ఉంటుందో తెలుసుకోండి. కొత్త ఫోన్ కొంటే అన్ని మెనూలూ తిప్పి చూస్తాం. లక్షలు పోసి కొన్న కారులో ప్రాణం కాపాడే ఫీచర్‌ని ఒక్కసారైనా ట్రై చేయం.

ఎయిర్‌బ్యాగ్ విషయానికొస్తే, అది కన్ను రెప్ప వేసే లోపు, సెకనులో ముప్పయ్యో వంతులో తెరుచుకుంటుంది. అది సీట్ బెల్ట్‌కి తోడు, బదులు కాదు. బెల్ట్ లేకుండా ముందుకి ఎగిరే మనిషికి అంత వేగంతో ఎదురొచ్చే బ్యాగే దెబ్బ. అందుకే పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్నచోట మౌంట్ అతికించకూడదు, దేవుడి బొమ్మ కూడా పెట్టకూడదు. అది తెరుచుకుంటే అక్కడున్న వస్తువు మొహం మీదకి వస్తుంది.

ముందు సీట్లో ఒళ్లో చంటిబిడ్డని పెట్టుకుని కూర్చునేవాళ్ల కోసం ఇంకో లెక్క. 50 స్పీడులో ఉన్న కారు దేన్నో గుద్దుకుని 0.1 సెకనులో ఆగిపోయిందనుకోండి. 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువులా ముందుకి లాగుతుంది. పట్టుకోగలమా? "నేను గట్టిగా పట్టుకుంటాలే" అనే మా అక్కకి ఈ అంకె కాగితం మీద వేసి చూపించాను. ఏమీ అనలేదు. వారం తర్వాత చైల్డ్ సీట్ లింక్ పంపి, ఇది మంచిదేనా అని అడిగింది. వెనక సీట్లో పెద్దవాళ్లకీ ఇదే ఫిజిక్స్ వర్తిస్తుంది, బెల్టులు అక్కడ ఉన్నది కవర్ల కింద దాచడానికి కాదు.

లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ లాంటి ఏడాస్ ఫీచర్లున్న కార్ల మీద నాకు గౌరవం ఉంది, కానీ మన రోడ్ల మీద గీతలు లేని చోట కెమెరా దేన్ని చూసి లేన్ అనుకుంటుంది? లైట్లు లేని గడ్డి ట్రాలీని అది ప్రతిసారీ గుర్తుపడుతుందని నేనైతే పందెం కాయను.

ఒకవేళ జరిగితే

ఫోన్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. 112 ఎమర్జెన్సీ, 108 అంబులెన్స్, నేషనల్ హైవే మీద 1033. చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వరసగా నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కాలో సెట్టింగ్స్‌లో ఈరోజే చూసి పెట్టుకోండి, లాక్ స్క్రీన్ మీద బ్లడ్ గ్రూప్, ఇంటి నంబర్ కనిపించేలా మెడికల్ ఇన్ఫో నింపండి. దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆగి సాయం చేయడానికి పోలీసులతో తలనొప్పి అని భయపడక్కర్లేదు. 2019 సవరణలో వచ్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. మీ పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చేయకూడదు.

మరి మౌంట్లు?

నాలుగింటిలో రెండు వెంట్ క్లిప్పులూ ఫెయిల్. ఊడిపడింది ఒకటి. రెండోది ఊడలేదు కానీ బరువైన ఫోన్ పెడితే వెంట్ రెక్కే వంగిపోతోంది. మాగ్నెట్‌ది సిటీలో బాగానే ఉంది, గతుకుల్లో ఫోన్ తిరిగిపోతోంది. సక్షన్ కప్పుది నిలబడింది, కాకపోతే దాన్ని అద్దం మధ్యలో కాకుండా కింద మూలకి, స్టీరింగ్‌కి పక్కగా, రోడ్డుకి అడ్డం రాకుండా అతికించాలి. మే నెల ఎండలో మాత్రం అద్దం దగ్గర ఏ ఫోనైనా కాలిపోతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపే వాడమని యాపిల్ చెప్తుంది, రెంటచింతల ఎండలో ఆగి ఉన్న కారులో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. స్క్రీన్ డిమ్ అయిపోతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. దిగేటప్పుడు ఫోన్ తీసేయండి.

నేనిప్పుడు ఆ సక్షన్ మౌంట్ వాడుతున్నాను, తెలియని ఊరికి వెళ్లేటప్పుడు మాత్రమే. తెలిసిన దారి అయితే ఫోన్ గ్లవ్ బాక్స్‌లో, వాయిస్ స్పీకర్‌లో. మూడు రోజుల క్రితం వీడియో కాల్‌లో బాబాయ్‌కి దాన్ని గొప్పగా చూపించాను. "బాగుంది. ఇంతకీ ఇప్పుడు కారు ఆగి ఉందా?" అని అడిగారు. ఆగే ఉంది, మా ఇంటి పార్కింగ్‌లో.